లెగోతో వాప్-7 ఇంజన్ కట్టే ముందు చూస్కోవాల్సినవి

ఒక్క బ్రిక్ కూడా పెట్టకముందే స్కేల్ తేల్చుకోండి. లెగో పట్టాల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) సుమారు 37.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676, అంటే దాదాపు 45వ వంతు అన్నమాట. చెన్నై సెంట్రల్లో రోజూ కనపడే ఈ వాప్-7 కరెంటు ఇంజన్ పొడవు 20 మీటర్ల పైనే, ఒక్కో స్టడ్, అంటే బ్రిక్ మీద ఒక్కో బొడిపె పట్టే చోటు, 8 మిల్లీమీటర్లు కాబట్టి 57 స్టడ్స్ దాకా వస్తుంది, వెడల్పు 8 లేదా 9. నేను ఈ లెక్క వెయ్యకుండా 40 స్టడ్స్‌లో బాడీ కట్టేశా, తీరా బోగీలు (పెట్టెలు కాదు, ఇంజన్ కింద చక్రాలుండే చట్రాలు) పెట్టబోతే చోటు చాల్లేదు, వారం పని మొత్తం విప్పాల్సొచ్చింది, చాలా బాధేసింది.

అసలు తలనొప్పంతా బోగీలదే. ఒక్కోదానికి మూడు ఇరుసులు, లెగో మామూలు మలుపు రేడియస్ 40 స్టడ్స్, అంటే 32 సెంటీమీటర్లే, మధ్య ఇరుసు పక్కకి జరిగేలా కట్టకపోతే మలుపులో బిగుసుకుపోయి పట్టాలు తప్పుతుంది. అందుకే ముందు బోగీలు, ఉత్త ఫ్రేమ్, మోటారు పెట్టి మలుపులోనూ పాయింట్ల (పట్టాలు దారి మారే చోట్ల) మీదా తిప్పి చూడండి, బాడీ జోలికి తర్వాతే.

- ఫోటోలు పక్కనుంచే కాదు, ముందూ వెనకా కూడా దగ్గర పెట్టుకోండి. పాత స్టీమ్ ఇంజన్ అయితే పెరంబూర్ రైల్ మ్యూజియంకి ఓసారి వెళ్లి రండి.
- తెల్ల బ్రిక్స్ ఎండ తగిలితే పసుపెక్కుతాయి, బాల్కనీలో పెట్టొద్దు.
- ఇంట్లో పసిపిల్లలుంటే చిన్న ముక్కలు మూత డబ్బాల్లోనే ఉంచండి, నోట్లో పెట్టుకుంటారు, ఇది మాత్రం అస్సలు మర్చిపోకండి.
- పని ఆపినప్పుడల్లా బ్యాటరీలు తీసేయండి.