నమ్మరాని కథకుడి థ్రిల్లర్‌ను చదవడం ఎలా?

నమ్మరాని కథకుడు నడిపే మానసిక థ్రిల్లర్‌ను చదవదలచినవారు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద దొరికే పాత ప్రతిని కొనుక్కోవడం మేలు. గ్రంథాలయ పుస్తకంలో గీతలు గీయడం మర్యాద కాదు, ఈ చదువుకు గీతలు తప్పవు. వెనుక అట్ట మీది పరిచయాన్ని చదవవద్దు, అది తరచూ సగం గుట్టు విప్పేస్తుంది.

ఈ తరహా కథకుడికి అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో పేరు పెట్టారు. అయితే కావాలని అబద్ధమాడేవాడు, జ్ఞాపకం చెదిరినవాడు, తనను తానే మోసగించుకునేవాడు ఒకే రకం కాదు. అందువల్ల కథకుడు స్వయంగా చూసినదానికి, ఊహించినదానికి, ఇతరులు చెప్పగా విన్నదానికి పేజీ అంచున వేర్వేరు గుర్తులు పెట్టుకోవాలి. అన్నిటికంటే సంభాషణలను జాగ్రత్తగా గమనించాలి. తాను నెమ్మదిగానే మాట్లాడానని కథకురాలు చెబుతున్న చోట భర్త “అరవకు, పిల్లలు లేస్తారు” అంటే, నమ్మవలసింది ఆ మాటనే. ఎందుకంటే కథకులు తమ ప్రవర్తనను దిద్దుకుని చెప్పినంత సులువుగా ఎదుటివారి జవాబులను దిద్దలేరు, రచయితలు సత్యాన్ని దాచేది ఎక్కువగా అక్కడే. ఎవరూ అడగకుండా ఇచ్చుకునే సంజాయిషీలను, తేదీల మధ్య ఖాళీలను కూడా గుర్తించాలి.

మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు మెట్రోలో తీరికగా కూర్చునే చోటు దొరికితే సరే, లేకుంటే ఇలాంటి నవలను ముక్కలుగా చదవకపోవడమే మంచిది. ముగింపు తెలిశాక వెంటనే మొదటి అధ్యాయాన్ని మళ్లీ చదవాలి. రచయిత ఆధారాలను ముందే ఉంచారో, పాఠకుణ్ణి ఊరికే మోసగించారో అప్పుడు తేలుతుంది.