చేతిలోని డబ్బుకు సరిపడే కాలేజీల జాబితా: అమెరికాలో పన్నెండో గ్రేడుకు వస్తున్న పిల్లల ఇళ్లకు

పదకొండో గ్రేడు అయిపోయిన వేసవిలో చాలా ఇళ్లలో జాబితా పైనుంచి మొదలవుతుంది. ర్యాంకులు చూసి పేరున్న కాలేజీలు పది రాస్తారు. చివర్లో ‘సేఫ్టీకి ఉండనీ’ అని ఒకటో రెండో తగిలిస్తారు. ఏప్రిల్ వచ్చేసరికి సీటొచ్చిన చోట డబ్బు చాలదు, డబ్బు సరిపోయే చోటికి అసలు అప్లికేషనే పెట్టి ఉండరు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు జాబితాను అడుగునుంచి కట్టుకుంటూ రావాలి. సీటూ ఖాయం, ఖర్చూ భరించగలం అనదగ్గ కాలేజీలు రెండు దొరికాకే మిగతావాటి మాట.

ముందు ఒక అంకె తేల్చుకోండి

‘మేం ఎంత పెట్టగలం’ అన్న ప్రశ్నకు జవాబు నాలుగేళ్ల మొత్తంగా రావాలి. ఒక ఇంటి లెక్క చూద్దాం. 529 ఖాతాలో (కాలేజీ చదువుకని దాచే పొదుపు ఖాతా) 40,000 డాలర్లున్నాయి. జీతంలోంచి నెలకు 900 తీయగలరు, 48 నెలలకు 43,200. విద్యార్థి తన పేరున తీసుకోగల ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత రెండేళ్లూ 7,500 చొప్పున, మొత్తం 27,000. మూడూ కలిపితే 1,10,200. ఏడాదికి సుమారు 27,500 డాలర్లు. ఈ ఇంటి పరిమితి అదే.

వేసవి ఉద్యోగం డబ్బు ఇందులో కలపకండి. పుస్తకాలు, ల్యాప్‌టాప్, సెలవులకు ఇంటికొచ్చే టికెట్లు, వీటికే అది సరిపోతుంది. 401కె (ఉద్యోగంలోని రిటైర్మెంట్ పొదుపు) ముట్టుకోవద్దు. ఇండియాలో ప్లాటు ఉంది, అవసరమైతే అమ్ముదాం అనుకునేవాళ్లు అమ్మి డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలోకి తేవద్దు. ‘మిగిలింది తల్లిదండ్రుల పేరున ఇచ్చే పేరెంట్ ప్లస్ ఫెడరల్ రుణంతో కట్టేద్దాం’ అనే పాత ధైర్యం కూడా ఇక పనికిరాదు. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో విద్యార్థి మీద ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లే పరిమితి. దాని నిండా తీసుకున్నా తీర్చాల్సింది తల్లిదండ్రులే.

రెండో పిల్లో పిల్లాడో రెండేళ్ల వెనక వస్తుంటే ఆ వాటా ఇప్పుడే పక్కన పెట్టేయాలి. ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉంటే ఫ్యాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే దరఖాస్తు) లెక్కలో ఒకప్పుడు తగ్గింపు వచ్చేది. 2024-25 నుంచి దాన్ని తీసేశారు.

అంకె తేలగానే పిల్లలకు చెప్పండి. ఆగస్టులో తెలిస్తే దానికి తగ్గ కాలేజీలు వాళ్లే వెతుకుతారు. మనసు పడ్డ కాలేజీనుంచి సీటొచ్చాక ఏప్రిల్‌లో చెబితే ఆ బాధ చాలాకాలం ఉంటుంది.

కాలేజీ అడిగే ధర, మీరు కట్టే ధర

ఫెడరల్ విద్యార్థి సాయం అందే ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (మీ ఇంటికి పడే ధరను అంచనా వేసేది) ఉండాలని చట్టం. 2011 నుంచి అమల్లో ఉంది. ట్యాక్స్ రిటర్న్, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను చూపే ఫారాలు), బ్యాంకు నిల్వలు దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒక్కోదానికి ఇరవై నిమిషాలు చాలు. జాబితాలోకి రాబోయే ప్రతి కాలేజీకీ ఈ లెక్క వేయకుండా పేరు రాయకండి.

దాని ఫలితాన్ని చదవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. మొత్తం ఖర్చు 62,000 అనుకోండి. గ్రాంట్లు 24,000, రుణం 5,500, వర్క్‌స్టడీ 3,000 తీసేసి ‘మీరు కట్టాల్సింది 29,500’ అని కొన్ని కాలిక్యులేటర్లు చూపిస్తాయి. మన ఇంటి 27,500కి దగ్గర్లోనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ 5,500 రుణాన్ని మన లెక్కలో ఇదివరకే కలిపేశాం, వర్క్‌స్టడీ డబ్బు గంటలు పనిచేస్తేనే వస్తుంది. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లూ స్కాలర్‌షిప్పులూ మాత్రమే తీసేస్తే అసలు ధర 38,000. ఏడాదికి పదివేలకు పైగా తేడా. ఈ కాలేజీ జాబితాలో ఉండకూడదు.

కాలిక్యులేటర్ ఏ విద్యా సంవత్సరం ధరలు వాడుతోందో కూడా చూడండి, పాతవైతే అంకె తక్కువ చూపిస్తుంది. సొంత వ్యాపారం ఉన్నా, తల్లిదండ్రులు విడిపోయినా, అద్దెల మీద ఆదాయం ఉన్నా దీన్ని పూర్తిగా నమ్మలేం. అలాంటప్పుడు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి ముందస్తు అంచనా అడగాలి.

ఆస్తుల దగ్గర మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మీరుంటున్న ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు ఫ్యాఫ్సాలో లెక్కకు రావు. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ప్లాటు, అద్దెకిచ్చిన ఫ్లాటు మీ పేరున ఉంటే పెట్టుబడి కిందికే వస్తాయి. ఇవాళ్టి విలువ డాలర్లలో రాయాలి. కాలిక్యులేటర్‌లో వాటిని వదిలేసి, అసలు ఫారంలో రాస్తే వచ్చే సాయం తగ్గుతుంది. తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతం, విద్యార్థి పేరున ఉన్న డబ్బులో 20 శాతం కాలేజీకి కట్టగలరని ఫ్యాఫ్సా లెక్కిస్తుంది. అందుకే పిల్లల పేరున పెట్టే యూటీఎంఏ ఖాతాకంటే తల్లిదండ్రుల చేతిలోని 529 మేలు.

చాలా ప్రైవేటు కాలేజీలు ఫ్యాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఆర్థిక ఫారం కూడా అడుగుతాయి. అందులో సొంత ఇంటి మీదున్న ఈక్విటీని (ఇంటి విలువలో అప్పు పోగా మిగిలేది) కొన్ని కాలేజీలు లెక్కేస్తాయి. ఇండియాలో పెద్దవాళ్లకు నెలనెలా పంపే డబ్బు, వాళ్ల వైద్యం ఖర్చు ఫ్యాఫ్సాలో చూపే చోటు లేదు. సీఎస్‌ఎస్‌లో ప్రత్యేక పరిస్థితులు రాసే గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.

అడుగున ఖాయమైనవి రెండు

సేఫ్టీ అనే పేరుకు అర్హత రావాలంటే మూడూ ఉండాలి. మీ జీపీఏకి (హైస్కూల్ మార్కుల సగటు), ఎస్‌ఏటీ లేదా ఏసీటీ స్కోరుకి సీటు వస్తుందని కాలేజీయే రాతపూర్వకంగా ప్రకటించి ఉండాలి, లేదా మీ హైస్కూల్ నుంచి అలాంటి మార్కులున్న వాళ్లందరికీ వస్తూ ఉండాలి. ఇంకా చేతికి రాని స్కాలర్‌షిప్ ఏదీ కలపకుండానే ఖర్చు మీ అంకెలోపు ఉండాలి. మీకు కావలసిన మేజర్‌లోనే (ప్రధాన సబ్జెక్టు) సీటు దొరకాలి.

మూడోదాని దగ్గరే కంప్యూటర్ సైన్స్ కావాలనే పిల్లలు దెబ్బతింటారు. టెక్సస్‌లో తరగతిలో పై వరుసలో ఉన్నవాళ్లకు చట్టప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కైతే 2026 ఫాల్ నుంచి పై 5 శాతానికే. అయితే ఖాయమయ్యేది విశ్వవిద్యాలయంలో సీటు, కోరిన మేజర్ కాదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కంప్యూటర్ సైన్స్‌లోకి ఎక్కువమందిని నేరుగా మొదటి ఏడాదే తీసుకుంటుంది. ‘చేరాక మారొచ్చులే’ అని వేరే మేజర్‌తో వెళ్లినవాళ్లకు ఆ తలుపు చాలా సన్నం. కంప్యూటర్ సైన్స్ కావాలంటే, ఆ మేజర్‌ను చేరినవాళ్లందరికీ తెరిచి ఉంచే మీ రాష్ట్రంలోని మధ్యస్థాయి ప్రభుత్వ కాలేజీయే నిజమైన సేఫ్టీ.

రోలింగ్ అడ్మిషన్ (అప్లికేషన్లు వచ్చినకొద్దీ జవాబివ్వడం) ఉన్న కాలేజీని ఒకదాన్ని వెతకండి. ఆగస్టు, సెప్టెంబరులోనే అప్లై చేస్తే చాలాచోట్ల శీతాకాలం రాకముందే జవాబొస్తుంది. ఒక సీటు చేతిలో పడితే జనవరి గడువులున్న మిగతా సేఫ్టీలకు ఫీజు కట్టనక్కర్లేదు.

కమ్యూనిటీ కాలేజీని చిన్నచూపు చూడొద్దు. కాలిఫోర్నియాలో రెండేళ్లు అక్కడ చదివి, నిర్ణయించిన కోర్సులూ జీపీఏ ఉంటే డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో ఒకదానికి ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఒప్పందం చేసుకోవచ్చు. కొన్ని క్యాంపస్‌లు కంప్యూటర్ సైన్స్ వంటి మేజర్లను ఆ ఒప్పందం బయట ఉంచుతాయి కాబట్టి ఆ ఏటి పట్టిక చూసుకోవాలి. తొలి రెండేళ్లు ఇంటినుంచే వెళ్లొస్తే హాస్టల్, భోజనం ఖర్చు పూర్తిగా మిగులుతుంది.

మధ్యలో నాలుగైదు

ఇక్కడ వెతకాల్సింది మెరిట్ స్కాలర్‌షిప్ (ఆదాయంతో కాకుండా మార్కుల్ని బట్టి ఇచ్చేది) ఇచ్చే కాలేజీలు. కాలేజీ పేరుతో కామన్ డేటా సెట్ (కాలేజీ తన వివరాలు ప్రకటించే పత్రం) అని వెతకండి. సి విభాగంలో చేరినవాళ్ల స్కోర్లు ఉంటాయి. మీ పిల్లల స్కోరు అక్కడి 75వ పర్సెంటైల్‌కి పైన (చేరినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికంటే ఎక్కువ) ఉంటే మెరిట్ వచ్చే అవకాశం బాగుంటుంది. హెచ్ విభాగంలో 2ఏ పట్టిక, ఆర్థిక అవసరం లేని విద్యార్థుల్లో ఎందరికి మెరిట్ ఇచ్చారో, సగటున ఎంతో చెబుతుంది. అదే విభాగంలో అవసరంలో ఎంత శాతం తీరుస్తున్నారో కూడా ఉంటుంది. 60, 70 శాతం దగ్గర ఆగే కాలేజీలో మిగతా గుంత మీరే పూడ్చుకోవాలి.

యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి ఇంత జీపీఏకి, ఇంత స్కోరుకి ఇంత అని బయటి రాష్ట్రాల వాళ్లకూ పట్టిక వేసి ప్రకటిస్తాయి. పడమటి రాష్ట్రాల వాళ్లకు డబ్ల్యూయూఈ అనే ఏర్పాటు ఉంది. అందులో చేరిన పొరుగు రాష్ట్రాల కాలేజీల్లో ఇన్‌స్టేట్ ట్యూషన్‌కు (ఆ రాష్ట్రం వాళ్లు కట్టే ఫీజు) 150 శాతం మించకుండా కట్టొచ్చు, అన్ని మేజర్లకూ కాదు. దీనికి పూర్తి భిన్నం యూసీ క్యాంపస్‌లు. బయటి రాష్ట్రం వాళ్ల మీద ట్యూషన్‌కు అదనంగా ఏడాదికి 37 వేల డాలర్లకు పైగా పడుతుంది, సాయం దాదాపు రాదు. పరిమిత బడ్జెట్‌లో కాలిఫోర్నియా బయటి ఇంటికి అవి అనవసరం.

మెరిట్ అంకెను నాలుగుతో గుణించి ఊరుకోకూడదు. ఖర్చు 50,000, స్కాలర్‌షిప్ 20,000 అయితే మొదటి ఏడాది మీ వాటా 30,000. నాలుగేళ్లకు లక్షా ఇరవై వేలు అనుకుంటాం. కానీ ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుంటే, స్కాలర్‌షిప్ 20,000 దగ్గరే ఉంటే, నాలుగో ఏడాది వాటా 36,243. మొత్తం 1,32,323. పన్నెండు వేలకు పైగా అదనం. స్కాలర్‌షిప్ నిలబడాలంటే ఏ జీపీఏ ఉండాలో కూడా చూడండి. ఇంజినీరింగ్ మొదటి ఏడాది కెమిస్ట్రీ, కాల్క్యులస్‌ల మధ్య 3.5 నిలబెట్టుకోవడం తేలిక కాదు. 3.0 షరతున్న చిన్న స్కాలర్‌షిప్, 3.5 షరతున్న పెద్దదానికంటే నమ్మదగ్గది.

స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువుకంటే ముందే, నవంబరు, డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. జనవరిలో అప్లై చేస్తే సీటు వస్తుంది, డబ్బు రాదు.

పైన రెండో మూడో

హార్వర్డ్, ఎంఐటీ మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. 2025 ఫాల్ నుంచి రెండూ రెండు లక్షల డాలర్లలోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాల దగ్గర ట్యూషన్ తీసుకోవడం లేదు. కాబట్టి సీటొస్తే ఇవి మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం కంటే చవక కావచ్చు. రావడమే కష్టం, అందుకే రెండో మూడో చాలు. కాలిక్యులేటర్‌లో మీ అంకె దాటిన డ్రీమ్ కాలేజీని మాత్రం తీసేయండి.

ఎర్లీ డెసిషన్‌కు (సీటొస్తే చేరి తీరతామనే ముందస్తు అప్లికేషన్) సంతకం పెడితే మిగతా కాలేజీల ఆఫర్లు పోల్చుకునే వీలు పోతుంది. సాయం చాలకపోతే బయటికి రావచ్చు గానీ, మెరిట్ మీద ఆశ పెట్టుకున్న ఇంటికి అది తగదు. కట్టుబడి లేని ఎర్లీ యాక్షన్ ఎన్నైనా పెట్టుకోండి.

హెచ్-4 మీద ఉన్న పిల్లలకు

హెచ్-4 అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా. గ్రీన్‌కార్డు చేతికి రాని విద్యార్థికి ఫ్యాఫ్సా ద్వారా ఫెడరల్ సాయం రాదు, దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నా సరే. పై లెక్కలోని 27,000 రుణం ఈ ఇంటికి లేదు. మీ అంకె 83,200, ఏడాదికి 20,800. జార్జియా హోప్, ఫ్లోరిడా బ్రైట్ ఫ్యూచర్స్ వంటి రాష్ట్ర స్కాలర్‌షిప్పులకూ పౌరసత్వమో గ్రీన్‌కార్డు వంటి అర్హతో కావాలి. కాలిక్యులేటర్లు మిమ్మల్ని పౌరులనుకునే లెక్క వేస్తాయి, ఆ ఫలితం మీకు వర్తించదు.

చాలా ప్రైవేటు కాలేజీలు సాయం విషయంలో హెచ్-4 పిల్లలను అంతర్జాతీయ విద్యార్థుల్లాగే చూస్తాయి, సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ వంటి కొన్ని మాత్రం సాయం అడిగారని ఎవరికీ సీటు అవకాశం తగ్గించవు. మిగతా వారికి ఇన్‌స్టేట్ ట్యూషనే ప్రధాన ఆధారం. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలకు ఇన్‌స్టేట్ వస్తుంది. అయితే 21 నిండగానే హెచ్-4 ముగుస్తుంది, ఎఫ్-1కి (విద్యార్థి వీసా) మారాలి. అలా మారాక ఇన్‌స్టేట్ ఉంటుందా పోతుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి ఉంటుంది. రెసిడెన్సీ తేల్చే విభాగానికి ఈ ప్రశ్న ఈమెయిల్‌లో పంపి జవాబు దాచుకోండి. మూడో ఏడాది మధ్యలో ధర మారిపోతే బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది. హెచ్-4 మీద జీతం తీసుకుని పనిచేసే వీలు లేదు కాబట్టి క్యాంపస్ ఉద్యోగం, ఇంటర్న్‌షిప్ డబ్బు కూడా లెక్కలో వద్దు.

ఫారాలు, ఆఫర్లు

కామన్ యాప్‌లో (ఒకే అప్లికేషన్‌తో చాలా కాలేజీలకు పెట్టే వెబ్‌సైట్) 20 కాలేజీలదాకా చేర్చొచ్చు, అన్ని అక్కర్లేదు. ఎనిమిది నుంచి పది చాలు. ఆదాయం తక్కువైతే ఫీజు మినహాయింపు కామన్ యాప్‌లోనే అడగండి. లక్ష డాలర్లలోపు ఆదాయమున్న ఇళ్లకు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ ఉచితం.

ఫ్యాఫ్సా మామూలుగా అక్టోబరు 1న తెరుస్తారు. రెండేళ్ల వెనకటి ఆదాయం అడుగుతుంది, 2027 ఫాల్‌లో చేరేవాళ్లకు 2025 రిటర్న్. ఆ తర్వాత ఉద్యోగం పోయినా జీతం తగ్గినా ఫారంలో కనిపించదు. లేఆఫ్ ఉత్తరం, తాజా పే స్టబ్‌లు జతచేసి ప్రతి కాలేజీ ఎయిడ్ ఆఫీసుకూ విడివిడిగా పంపాలి.

మార్చి చివరికి ఆఫర్లొచ్చాక అన్నింటినీ ఒకే పట్టికలో వేయండి: మొత్తం ఖర్చు, గ్రాంట్లు, మిగిలింది, షరతు జీపీఏ, నాలుగేళ్ల మొత్తం. రుణాన్ని సాయం గడిలో వేయకండి. ఎక్కువ ఇష్టమైన కాలేజీ కాస్త ఖరీదైతే, దాంతో సమానమైన వేరే కాలేజీ ఆఫర్ జతచేసి, ఎంత తక్కువైందో అంకెతో సహా చెబుతూ మర్యాదగా ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏప్రిల్ మొదటి వారంలోనే పంపితే మంచిది, చాలా కాలేజీలకు మే 1 లోపు డిపాజిట్ కట్టేయాలి.