బడిలో నాటకం – 4వ పాఠం: ఏడవమనకండి, పని చెప్పండి

పోయిన పాఠంలో గొంతు వెనక బెంచీ దాకా వినిపించేలా చేయడం చూశాం. రోజూ అయిదు నిమిషాలైనా అది ఆపకండి. ఇవాళ నటనలోకి దిగుదాం.

ముందు నా తప్పు ఒకటి చెప్పేస్తాను. ఒక వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లలతో నాటిక వేయించాను. తల్లికి జబ్బు చేస్తే కూతురు డాక్టరు దగ్గరికి పరిగెత్తే సన్నివేశం. రిహార్సల్ జరిగినన్నాళ్లూ ఆ అమ్మాయితో "ఇంకొంచెం ఏడువమ్మా" అంటూనే ఉన్నాను. తీరా స్టేజీ ఎక్కాక, పాపం, రెండు పిడికిళ్లతో కళ్లు నలుపుకుంటూ "హూ... హూ..." అంది. జనం ఘొల్లుమన్నారు. తప్పు నాదే. ఏడుపు చెబితే వచ్చేది కాదు. "డాక్టరుగారు బస్సెక్కేస్తున్నారు, ఆపు" అని ఉంటే ఆ పిల్ల పరిగెత్తి అడ్డం నిలబడేది, ఆయన సంచి పట్టుకు లాగేది. చూసేవాళ్లకు అది చాలు.

అందుకే నవరసాల చార్టు పెట్టి "ఇది కోపం, ఇది భయం" అంటూ ముఖాలు పెట్టించడంతో మొదలుపెట్టకండి. నాట్యం నేర్పేవారికి అది పనికొస్తుంది గానీ, మాటల నాటకంలో పిల్లలు బొమ్మల్లా బిగుసుకుపోతారు. పాత్రకు ఏం కావాలి, దానికి ఏది అడ్డం? ఈ రెండే అడగండి. ఇది నా సొంత తెలివేమీ కాదు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ నటులకు నేర్పిందే.

ఇక అభ్యాసం. ఇద్దర్ని పిలవండి. ఒకరు కొడుకు, ఒకరు నాన్న. కొడుకు చెవిలో: "లెక్కల్లో తప్పావు, కార్డు మీద సంతకం కావాలి." నాన్న చెవిలో: "పేపరు ప్రశాంతంగా చదువుకోవాలి." షరతు ఒక్కటే, మొదటి రెండు నిమిషాలూ కార్డు ఊసెత్తకూడదు.

"నాన్నా, టీ తేనా?"
"ఇప్పుడేగా తాగింది."
"ఫ్యాను పెంచనా?"
"ఏంట్రా ఇవాళ ఇంత మర్యాద?"

ఈ మాట దగ్గర మా తరగతిలో ఒకడి చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది. చేతిలో నిజంగా కార్డు లేదు. అయినా క్లాసంతా ఆ చేతినే చూసింది.

నాన్న వేషం వేసినవాడు సినిమాలోలా వెంటనే అరుపులకు దిగుతాడు. ఖాయం. పక్కకు పిలిచి, "నీకు కొట్టాలని లేదురా, పేపర్లో ఆ వార్త పూర్తి చేయాలని ఉంది" అని గుర్తుచేసి మళ్లీ పంపండి. చూస్తున్నవాళ్లను "బాగుందా?" అని మాత్రం అడగకండి, చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. "వాడికేం కావాలి? మీకు ఎక్కడ తెలిసింది?" అనండి.

నాలుగైదు జంటలయ్యాక గురజాడ 'కన్యాశుల్కం' తీయండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం. మొదటి అంకంలో గిరీశం, వెంకటేశం మాట్లాడుకునే చోటు చాలు. వెంకటేశం పరీక్ష తప్పాడు, తండ్రి చేతి దెబ్బలు తప్పించుకోవాలి. గిరీశానికి అప్పులు మీదికొచ్చాయి, ఊరు దాటాలి. పైకి మాత్రం శిష్యుడి చదువు కోసమే వెంట వెళుతున్నట్టు! ప్రోగ్రెస్ కార్డు ఆట ఆడిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే పుస్తకం వెంటనే చేతికివ్వకండి. ఆ యాస, పాత మాటలు అందరికీ నోరు తిరగవు. ముందు సొంత మాటల్లో ఆడనివ్వండి, తర్వాత అసలు సంభాషణలు చదివించండి.

మీకు హోంవర్కు: ఈ రాత్రి మీ ఇంట్లో విన్న ఆరు మాటలు రాసుకోండి. ఒక్కోదాని పక్కన, ఆ మాట అన్నవాళ్లకు నిజంగా ఏం కావాలో రాయండి. ఆ కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో ఎవరు ఎక్కడ నిలబడాలో దాన్నిబట్టే చూద్దాం.