రెండు వాహనాల లెక్కలను సాధించే పద్ధతి

ఒక వాహనం మరొకదాన్ని ఎప్పుడు, ఎక్కడ అందుకుంటుందని ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో అడిగే లెక్కలకు కొత్త సూత్రాలేవీ అక్కర్లేదు. తెలిసిన గమన సమీకరణాలనే రెండు వాహనాలకూ ఒకే మూలబిందువు నుంచి, ఒకే గడియారం ప్రకారం రాయాలి.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మోటారుసైకిల్ 2 మీ/సె² సమత్వరణంతో బయలుదేరిన క్షణానికి, గంటకు 36 కిలోమీటర్ల స్థిరవేగంతో అదే దిశలో వెళ్తున్న బస్సు దానికి 24 మీటర్లు ముందుందనుకుందాం. ముందుగా బొమ్మ గీసి, సిగ్నల్‌ను మూలబిందువుగా, బస్సు వెళ్లే దిశను ధనాత్మకంగా తీసుకోవాలి. 36ను 5/18తో గుణిస్తే బస్సు వేగం 10 మీ/సె వస్తుంది. గడిచిన కాలం ‘టి’ సెకన్లయితే బస్సు స్థానం 24 + 10టి, మోటారుసైకిల్ స్థానం ½ × 2 × టి², అంటే టి².

అందుకోవడమంటే స్థానాలు సమానం కావడం. కాబట్టి టి² = 24 + 10టి; దీన్ని (టి − 12)(టి + 2) = 0 అని విడదీయవచ్చు. −2 సెకన్ల సమయానికి మోటారుసైకిల్ ఇంకా కదలనే లేదు కనుక ఆ మూలాన్ని వదిలేయాలి. 12 సెకన్లను రెండు సమీకరణాల్లోనూ ప్రతిక్షేపిస్తే 144 మీటర్లే వస్తుంది. ఈ సరిచూపు ఎప్పుడూ మానకూడదు.

చాలామంది విద్యార్థులు స్థానాలకు బదులు వేగాలను సమానం చేస్తారు. ఇక్కడ వేగాలు 5వ సెకను చివర సమానమవుతాయి, కానీ అప్పుడు బస్సు 74 మీటర్ల దగ్గర, మోటారుసైకిల్ 25 మీటర్ల దగ్గర ఉంటాయి. అంతవరకూ బస్సుదే ఎక్కువ వేగం కాబట్టి ఎడం పెరుగుతూ వచ్చింది, ఆ తర్వాత తగ్గుతుంది. అందువల్ల గరిష్ఠ దూరం అడిగినప్పుడు మాత్రం వేగాలను సమానం చేయడమే సరైన దారి; జవాబు 49 మీటర్లు.

బ్రేకుల లెక్కల్లోనూ ఇదే ఆలోచన పనికొస్తుంది. 20 మీ/సె వేగంతో వస్తున్న కారు, ముందు 10 మీ/సె స్థిరవేగంతో పోతున్న లారీని చూసి 5 మీ/సె² రుణత్వరణంతో బ్రేకు వేస్తే, లారీ పరంగా దాని సాపేక్ష వేగం 10 మీ/సె మాత్రమే. కాబట్టి ఢీకొనకుండా ఉండడానికి కావలసిన కనీస ఎడం 10²/(2 × 5), అంటే 10 మీటర్లు. డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడితే ఇంకో 10 మీటర్లు కలపాలి. అదే లారీ ఆగి ఉంటే ఈ మొత్తం 60 మీటర్లవుతుంది. బ్రేకు వేసిన వాహనం పూర్తిగా ఆగే సమయాన్ని ముందే లెక్కకట్టి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ క్షణం దాటాక కూడా అదే సమీకరణాన్ని వాడితే ఆగిన కారు వెనక్కి ప్రయాణిస్తున్నట్లు జవాబు వస్తుంది.