అప్‌డేట్లు ఆషాఢంలోనే: శుభలేఖల సీజన్‌కు ముందు డీటీపీ వాళ్లకు జాగ్రత్తలు

శ్రావణం మొదలైతే ప్రెస్సులో కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉండదు. సరిగ్గా ఆ వారంలోనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దిగితే తిట్టుకుంటూ పని చెయ్యాల్సిందే. ముహూర్తాలు లేని ఆషాఢంలోనో, మూఢంలోనో అప్‌డేట్ చేసి, చేతికి అలవాటు చేసుకుని, సీజన్ అయ్యేదాకా మళ్లీ దాని జోలికి పోవద్దు.

ముందు ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపండి. అడోబీ సాఫ్ట్‌వేర్లను ఇన్‌స్టాల్, అప్‌డేట్ చేసే క్రియేటివ్ క్లౌడ్ యాప్ ప్రిఫరెన్సెస్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చెయ్యొచ్చు. పెద్ద వెర్షన్‌ను మీరే వేసుకునేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘రిమూవ్ ఓల్డ్ వెర్షన్స్’ దగ్గర టిక్ ఉందేమో చూసి తీసెయ్యండి. ఉంచితే పాతది ఎగిరిపోతుంది. చాలామంది చూడకుండా ఇన్‌స్టాల్ నొక్కేది ఇక్కడే. విండోస్ అప్‌డేట్లను ఐదు వారాల వరకు వాయిదా వెయ్యొచ్చు. అంతకు మించి ఆపదు, కాబట్టి వాయిదా ఎప్పుడు తీరుతుందో క్యాలెండర్‌లో రాసుకోండి.

ఇక చేతి అలవాట్లు. అసలు విసుగంతా వీటితోనే. 2018 అక్టోబర్‌లో వచ్చిన ఫోటోషాప్‌లో కంట్రోల్ జెడ్ తీరు మారింది. అంతకు ముందు రెండోసారి నొక్కితే తీసేసిన మార్పు తిరిగొచ్చేది, ఇప్పుడు ఇంకో అడుగు వెనక్కి పోతుంది. ఫోటో సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ పట్టుకోవడం ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటు. కొత్త పద్ధతిలో అదే షిఫ్ట్ పట్టుకుంటే పెళ్లికొడుకు ముఖం సాగిపోతుంది! అడిగిందెవరో, మార్చిందెందుకో గానీ, గొడవ పెట్టేసరికి కంపెనీ పాత దారి కూడా ఇచ్చింది. కీబోర్డ్ షార్ట్‌కట్స్ డైలాగ్‌లో ‘యూజ్ లెగసీ అన్‌డూ షార్ట్‌కట్స్’, జనరల్ ప్రిఫరెన్సెస్‌లో ‘యూజ్ లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్’ టిక్ చేసుకోండి. ప్రెస్సులో రెండు సిస్టమ్‌లుంటే రెండింటిలోనూ ఒకేలా పెట్టండి. లేకపోతే కుర్చీ మారినప్పుడల్లా తప్పులే.

ఫాంట్ల సంగతి ఇంతకంటే ప్రమాదం. 2023 జనవరితో అడోబీ టైప్ 1 ఫాంట్లకు మద్దతు ఆపేసింది. పీఎఫ్‌బీ, పీఎఫ్‌ఎం ఫైళ్లుగా ఉండే పాత ఫాంట్లవే. డిస్కులో ఫాంట్ ఉన్నా, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్ దాన్ని లేనట్టే చూస్తుంది. పాత కార్డుల్లో ఇవి వాడారేమో ముందే వెతికి, మళ్లీ వచ్చే డిజైన్లను పాత వెర్షన్‌లోనే అవుట్‌లైన్స్ చేసి, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చి, మరో కాపీ పెట్టుకోండి. కరెక్షన్‌కు టెక్స్ట్ ఉన్న ఫైల్ మాత్రం చెరపొద్దు.

యూనికోడ్ తెలుగు వాడేవాళ్లు ఇన్‌డిజైన్ పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ (అక్షరాలను వరుసల్లో పేర్చే పద్ధతి) ఉందో లేదో చూసుకోవాలి. మామూలు కంపోజర్ ఉంటే వత్తులు చెదురుతాయి. కొత్త వెర్షన్‌లో ‘జ్యేష్ఠ పుత్రుడు’, ‘లక్ష్మీ’, ‘ముహూర్తం’ టైప్ చేసి కాగితం మీద ప్రింట్ తీసి చదవండి. స్క్రీన్ మీద బాగుంది కదా అని వదిలెయ్యొద్దు.

ఇన్‌డిజైన్‌కు ముందు వాడిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఇంకా ఉన్నవాళ్లు చాలామందే. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు ఆ ఫైళ్లను తెరిచేది, క్రియేటివ్ క్లౌడ్ (సీసీ) వెర్షన్లు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి పాత మెషీన్ అమ్మేసే ముందు కావాల్సిన ఫైళ్లను సీఎస్6లో తెరిచి మార్చుకోండి, పీడీఎఫ్‌లు కూడా తీసిపెట్టండి. ఆ మెషీన్‌ను ఉంచుకునేట్టయితే ఇంటర్నెట్ తీసెయ్యండి. విండోస్ 10కే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది, అంతకంటే పాతవాటి మాట చెప్పేదేముంది.

ప్లేట్లు తీసేవాళ్లనూ, ఫ్లెక్స్ కొట్టేవాళ్లనూ ఏ వెర్షన్ వాడుతున్నారో సీజన్‌కు ముందే అడగండి. కోరెల్‌డ్రాలో సేవ్ చేసేటప్పుడే పాత వెర్షన్ ఎంచుకోవచ్చు, ఇన్‌డిజైన్‌లో పాత వెర్షన్లలోనూ తెరుచుకునే ఐడీఎంఎల్ ఫైల్ తీసివ్వొచ్చు. పంపాక అవతల తెరిపించి, అక్షరాలూ అంచులూ సరిగ్గా ఉన్నాయో లేదో ఫోన్‌లో ఫోటో తెప్పించుకోండి. ఈ పని ఒక పాత కార్డుతో చేసి చూడాలి, కస్టమర్ కార్డుతో కాదు.