సీరియల్ పోర్ట్ ద్వారా విండోస్ కెర్నల్‌ను డీబగ్ చేయడం ఎలా?

కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ నడిపే విండోస్ మూలభాగం. అందులో తప్పులు వెతకడమే ఈ డీబగ్గింగ్. దీనికి రెండు కంప్యూటర్లు కావాలి. డ్రైవర్‌ను పరీక్షించేది టార్గెట్, విన్‌డీబగ్ (WinDbg, మైక్రోసాఫ్ట్ డీబగ్గర్) నడిచేది హోస్ట్. టార్గెట్ మదర్‌బోర్డు మీద అసలైన సీరియల్ పోర్ట్ ఉండాలి. యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ హోస్ట్ వైపు చాలు, టార్గెట్ వైపు పనికిరాదు. కెర్నల్ ఆగితే యూఎస్‌బీ డ్రైవర్లూ ఆగిపోతాయి. అందుకే టార్గెట్‌లోని డీబగ్గర్ కోడ్ ఏ డ్రైవర్‌నూ నమ్ముకోకుండా యూఏఆర్‌టీ (సీరియల్ పోర్ట్‌ను నడిపే చిప్) రిజిస్టర్లను నేరుగా చదువుతుంది.

ముందు కేబుల్ సంగతి

మామూలు సీరియల్ కేబుల్ కాదు, నల్ మోడెమ్ కేబుల్ వాడాలి. 9 పిన్‌ల కనెక్టర్‌లో ఒక వైపు 2వ పిన్ రెండో వైపు 3కి, 3వది 2కి, 5వది (గ్రౌండ్) 5కే వెళ్లాలి. 3.3 వోల్టుల టీటీఎల్ అడాప్టర్‌ను ఈ పోర్ట్‌కు తగిలించకండి. ఆర్ఎస్-232 (ఈ సీరియల్ పోర్ట్ పాటించే ప్రమాణం) లైన్ మీద వోల్టేజీ మైనస్ 15 నుంచి ప్లస్ 15 వరకూ ఉండొచ్చు, చిప్ కాలిపోతుంది.

డీబగ్గర్ జోలికి వెళ్లకముందే లైన్‌ను పరీక్షించండి. రెండు వైపులా టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి 115200 బాడ్ (సెకనుకు వెళ్లే బిట్లు), 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు అని పెట్టండి. ఇక్కడ టైప్ చేసింది అక్కడ, అక్కడిది ఇక్కడ కనిపించాలి. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేట్లు కలవలేదు. ఏమీ రాకపోతే కేబులో, పోర్ట్ నంబరో తప్పు. డీబగ్గింగ్ ఆన్ చేశాక టార్గెట్ విండోస్‌కు ఆ పోర్ట్ దొరకదు కాబట్టి ఈ పరీక్ష ఇప్పుడే చేయాలి. చూసిన తర్వాత టెర్మినల్స్ మూసేయండి. తెరిచి ఉంచితే హోస్ట్‌లో విన్‌డీబగ్‌కు పోర్ట్ దొరకదు.

టార్గెట్‌లో

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే తాత్కాలికంగా ఆపండి, లేకపోతే రీబూట్‌లో రికవరీ కీ అడుగుతుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని బూట్ కోడ్‌ను అడ్డుకునేది) ఆఫ్ చేయండి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీఎడిట్‌తో (bcdedit, బూట్ సెట్టింగ్స్ మార్చే కమాండ్) డీబగ్ ఆన్ చేయండి. తర్వాత దాని డీబగ్ సెట్టింగ్స్‌లో రకం సీరియల్, డీబగ్ పోర్ట్ 1, బాడ్ రేట్ 115200 ఇవ్వండి. ఇక్కడ 1 అంటే కామ్1 (COM1) సీరియల్ పోర్ట్. ఇప్పుడే రీబూట్ చేయొద్దు.

హోస్ట్‌లో

విన్‌డీబగ్‌లో కెర్నల్‌కు అటాచ్ అయ్యే చోట కామ్ ట్యాబ్ తెరవండి. అదే బాడ్ రేట్, హోస్ట్ డివైస్ మేనేజర్‌లో కనిపించే పోర్ట్ పేరు ఇవ్వండి. ఇది టార్గెట్ పోర్ట్ నంబర్‌తో కలవాల్సిన పని లేదు. యూఎస్‌బీ అడాప్టర్ కామ్5గా కనిపించినా ఇబ్బంది లేదు. విన్‌డీబగ్ ఎదురుచూస్తుండగా టార్గెట్‌ను రీబూట్ చేయండి.

కనెక్ట్ అయ్యాక బ్రేక్ నొక్కితే టార్గెట్‌లో మౌస్, గడియారం సహా అన్నీ స్తంభిస్తాయి. హ్యాంగ్ అయిందని పవర్ తీసేయకండి. విన్‌డీబగ్‌లో జీ (g) కమాండ్ ఇస్తే మళ్లీ నడుస్తుంది.

వేగం మీద ఆశలు పెట్టుకోవద్దు. ఒక్కో బైట్‌కు స్టార్ట్, స్టాప్‌లతో కలిపి 10 బిట్లు పడతాయి, కాబట్టి 115200 దగ్గర సెకనుకు 11,520 బైట్లే. 1 జీబీ మెమరీ డంప్‌ను (మెమరీలో ఉన్నదాని కాపీ) ఈ లైన్ మీద లాగితే సుమారు 26 గంటలు. డంప్ కావాలంటే టార్గెట్ డిస్క్ మీదే రాయించుకోండి.