డెస్క్‌టాప్‌కు రెండో ర్యామ్: లేబుల్ చదివి కొనండి, జోడీ చూసి వేయండి

సిస్టమ్ స్లో అయిందనగానే ర్యామ్ కోసం ఉరకొద్దు. రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరిచి, ఫొటోషాప్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అన్నీ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ చూడండి. మెమరీ 85 శాతం దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలడం లేదు. మెమరీ సగం ఖాళీగానే ఉండి డిస్క్ 100 శాతం కొట్టుకుంటుంటే కావాల్సింది ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్), ర్యామ్ మీద పెట్టే పైసలు దండుగ. 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీకి మించి వాడుకోదు, ముందు దాన్ని మార్చాలి.

అదే పేజీలో మెమరీ మీద నొక్కితే ర్యామ్ స్పీడు, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. అసలు సంగతి మాత్రం ర్యామ్ మీది స్టిక్కర్‌లోనే ఉంటుంది. ఉదాహరణకు ఇలా రాసి ఉందనుకోండి: 8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2-11. పీసీ4 అంటే డీడీఆర్4, అంటే ర్యామ్‌లో నాలుగో తరం. 2400 స్పీడు, దాని పక్కన టీ టైమింగ్. 1ఆర్ అంటే ఒక ర్యాంక్ (కలిసి పనిచేసే చిప్పుల గుంపు), ఎక్స్8 చిప్పుల రకం. 'యూ' అంటే డెస్క్‌టాప్‌కు వేసే మామూలు ర్యామ్. ఆ చోట 'ఎస్' ఉంటే ల్యాప్‌టాప్‌ది, 'ఆర్' ఉంటే సర్వర్‌ది. సర్వర్ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, మామూలు బోర్డులో మాత్రం పనిచేయదు. ఆ లేబుల్‌ను ఫొటో తీసుకోండి. నల్లగొండ షాపులో కొన్నా, మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయినా, చూపించాల్సింది అదే.

పాత డీడీఆర్3 బోర్డులకు కొనేటప్పుడు జర పైలం. ఇంటెల్ రెండు, మూడు, నాలుగో తరం సిస్టమ్‌లకు 8 జీబీ ర్యామ్ తీసుకుంటే స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉన్నదే తీసుకోండి. ఒక పక్కనే 8 చిప్పులున్న 8 జీబీ ర్యామ్ వాటిలో నడవదు. 'ఏఎండీకి మాత్రమే' అని అమ్మే చవక రకమూ అంతే. ఆ తరాలకు వచ్చే హెచ్61, హెచ్81 బోర్డులు మొత్తం 16 జీబీ దాకానే తీసుకుంటాయి.

ఇక జోడీ. 2400కు తోడు 2666 వేస్తే రెండూ 2400కే నడుస్తాయి, నష్టమేం లేదు. కంపెనీ వేరైనా చాలాసార్లు నడుస్తుంది. సైజు ఒకటి కాకపోతేనే కొంత పోతుంది: 4 పక్కన 8 వేస్తే, ఇంటెల్ బోర్డుల్లో 4కు 4 జతై ఆ 8 జీబీ డ్యూయల్ చానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి), మిగిలిన 4 సింగిల్‌లో నడుస్తాయి. డీడీఆర్4 2400 ఒంటరిగా సెకనుకు 19.2 జీబీ ఇస్తే, జోడీగా 38.4 ఇస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకే ఒక 16 కన్నా రెండు 8లే మంచివి. డీడీఆర్5కైతే ఒకే ప్యాకెట్‌లో వచ్చే జోడీ కొనండి, నాలుగు స్లాట్లూ నింపితే స్పీడు పడిపోతుంది.

వేసేముందు కరెంటు వైరు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ఎండాకాలం పొడిగాలిలో స్టాటిక్ ఎక్కువ, క్యాబినెట్ ఇనుమును ముట్టుకున్నాకే ర్యామ్ పట్టండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లకు సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి (బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది). ర్యామ్ అంచున ఉండే గాటు స్లాటుకు కుదిరిందో లేదో చూసుకుని, రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కితే క్లిప్పు 'టక్'మంటుంది. అటూ ఇటూ తిప్పి చూసినా గాటు కుదరకపోతే అది వేరే డీడీఆర్, బలవంతం చేస్తే స్లాటే పోతుంది.

స్క్రీన్ రాక బీప్‌లు కొడితే భయపడొద్దు. మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్క ఆఫీసుల్లో ఊక దుమ్ము స్లాట్లలోకీ చేరుతుంది. కరెంటు తీసి, పొడి బ్రష్‌తో స్లాటు దులిపి, ర్యామ్ బంగారు కాళ్లను తెల్ల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊడ్చి మళ్లీ వేయండి. రబ్బరు స్లాటులో పెట్టొద్దు. అప్పటికీ రాకపోతే ఒక్కొక్కటీ విడిగా వేసి చూడండి. డీడీఆర్5 అయితే మొదటిసారి నాలుగైదు నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు, ఆ తొందరలో స్విచ్ కట్టేయకండి. 2666 కొన్నా 2133 చూపిస్తే బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరిచే బోర్డు సెట్టింగ్స్) ఎక్స్ఎంపీ అనే ర్యామ్ స్పీడు సెట్టింగ్ ఆన్ చేయాలి, బోర్డుకూ ఆ స్పీడు వచ్చి ఉంటేనే. వేర్వేరు రకాలు కలిపి వాడేవాళ్లు దాన్ని వదిలేయడమే మేలు.

చివరికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా నడవనివ్వండి, కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ మీద. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ వాపసే. అందుకే బిల్లు దాచండి, స్టిక్కర్ మాత్రం పీకొద్దు. స్టిక్కర్ లేని ర్యామ్‌కు వారంటీ ఇవ్వరు.